ఒర్రే గొంతుకు సరళీ వరుసలు

నలభై దాటాక పాట నేర్చుకోవాలనిపించింది అంటే అది పూర్తి నిజం కాదు. తాండూరులో ఓ ప్రైవేటు బళ్లో చిన్న తరగతులకు చెబుతాను. ఏళ్ల తరబడి పిల్లల మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. సాయంత్రానికి ఇంట్లో మాట పెగిలేది కాదు. మందులిచ్చిన డాక్టరు, గొంతును నెమ్మదిగా వాడటం ఎవరి దగ్గరైనా నేర్చుకోమన్నాడు. వికారాబాద్‌లో సంగీతం చెప్పే పెద్దావిడ ఉన్నారని తోటి టీచరు చెప్పింది. అలా శనివారం బడి విడవగానే రైలెక్కడం మొదలైంది.

ఆవిడ రిటైరైన సంగీతం టీచరు. పక్షవాతం వచ్చిన భర్త లోపలి గదిలో మంచం మీదే ఉంటారు. మొదటిరోజు నన్ను 'స' అనమన్నారు. అన్నాను. శ్రుతిపెట్టెది ఒక దారి, నాదొక దారి.

"గది ఒర్రుడు బిడ్డ, పాట కాదు. ముందుగాల శ్రుతి విను. వినకుంట నోరు తెరిస్తె ఎట్ల?"

"బడిల గంతే టీచర్. ఒర్రేది నేను, వినేది పిల్లలు. వాళ్లు సుత వినరు."

ఆవిడ కొంచెం నవ్వారు. మళ్లీ 'స' అనమన్నారు.

వారాల తరబడి అదే పని. ఇంట్లో సాధన చేద్దామంటే వంట, బట్టలు, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. పొయ్యి దగ్గర సరిగమలు అందుకుంటే మా అమ్మాయి గదిలోంచి కేకేసేది. "మమ్మీ, జర ఆపవా? రేపు ఎగ్జామ్ ఉన్నది." ఆపేసేదాన్ని. పై 'స' దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ గొంతు చీలేది. రైల్లో సీటు దొరక్క నిలబడి వెళ్లిన రోజుల్లో, నాకెందుకీ పాట అనిపించేది.

ఒక శనివారం ముసురు పట్టింది. అనంతగిరి గుట్టల వైపంతా మబ్బు. ఆవిడ తలుపు తీశారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. భర్తకు దగ్గెక్కువై రాత్రి నిద్ర లేదట.

"మల్లొస్త టీచర్, మీరు జర పండుకోండ్రి."

"గంత దూరంకెల్లి వచ్చినవ్, కూసో. సరళీ వరుసలు అందుకో, నేను తాళం వేస్త."

మొదటి వరుస ముగిసేలోపే తొడ మీద తాళం ఆగిపోయింది. చూస్తే గోడకు తల ఆనించి నిద్రపోతున్నారు. పాట ఆపితే లేస్తారేమోనని ఆపలేదు. నిద్ర చెడనంత సన్నగా, ఒకదాని వెంట ఒకటి పాడుతూ పోయాను. దిద్దేవాళ్లు లేరు. పై 'స' ఎప్పుడు అందుకున్నానో నాకే తెలియలేదు. గొంతు చీలలేదు.

కాసేపటికి ఆవిడ ఉలిక్కిపడి లేచారు. "యాడిదాంక వచ్చినవ్?"

"అయిపోయినయ్ టీచర్."

"మంచిగ పాడినవా?"

"ఏమో, మీరే చెప్పాలె."

"నిద్రల విన్న తియ్," అంటూ చాయ్ పెట్టడానికి కాళ్లీడ్చుకుంటూ వెళ్లారు. నేనూ వెనకాలే వెళ్లి, తొట్టిలో ఉన్న గిన్నెలు కడిగాను.

మరుసటి వారం పై 'స' మళ్లీ చీలింది. ఇప్పటికీ చాలాసార్లు చీలుతుంది. ఎవరైనా పాడమంటే పాడేంత రాలేదు. బడిలో మాత్రం అరవడం తగ్గించాను. పిల్లలు వినకపోతే కాసేపు ఊరుకుంటాను. అలసట పోలేదు. శనివారం స్టేషన్‌లో కూర్చున్నప్పుడల్లా, ఇంటికెళ్లి పడుకుందామా అనుకుంటాను. ఈలోగా బండి వస్తుంది. ఎక్కుతాను.