మూకుడు వంపు

నేను పుట్టు పిరికివాణ్ణి. నాచారంలో అప్పుడప్పుడే ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజుల్లో, ట్యాంకులు చేసే ఒక షెడ్డులో ఫిట్టరుగా చేరాను. మా అక్క భర్త అక్కడే వెల్డరు. ఆయనకు నా భయం ఒక నవ్వులాట.

ఆ ఎండాకాలం ఒక ప్రెషర్ ట్యాంకు చేశాం. రెండు కొనలా మూసే గుండ్రటి మూతలను మేం మూకుళ్లనేవాళ్లం. ఒకటే మందం ఉండాలని ట్యాంకుకు వాడిన ప్లేటునే మూకుళ్లకూ వాడారు. కానీ ప్లేటును అచ్చు మీద పెట్టి ఒత్తితే వంపు దగ్గర సాగి పలచబడుతుంది. సుత్తితో తట్టి చూశాను. నడుమ ఒక మోత, వంపు మీద ఇంకో మోత.

"బావా, వంపు కాడ పల్సగైంది" అన్నాను.

"గందుకే గద, అతుకు మీద ఇంకో వరుస పోసిన. వెల్డింగ్ మందంగుంటే ఏం గాదు. నీకు ఊకె ఫికరే."

మూకుడును ట్యాంకుకు కలిపిన అతుకు నిజంగానే ముచ్చటగా ఉంది. పైన పటారం, లోన లొటారం. అతుకును ఎంత లావు చేస్తే మాత్రం పక్కనున్న వంపుకు మందం వస్తుందా?

ట్యాంకులో నీళ్లు నింపి ఒత్తిడికి ఆగుతుందో లేదో చూసే టెస్టు రోజున చూస్తే బోరు ఎండిపోయింది. నీళ్ల ట్యాంకరు ఉప్పల్ నుంచి రావాలి. షెడ్డు సేటు ఆగలేక, "నీళ్లు లేకుంటే గాలి కొట్టుండ్రి" అన్నాడు. ఇనుము చినిగితే నీళ్లు చిమ్మి ఊరుకుంటాయి, బిగబట్టిన గాలి బాంబులా పేలుతుంది. బావ మాత్రం సబ్బునీళ్ల డబ్బా, బ్రష్షు పట్టుకుని, బుడగలు వస్తాయేమో చూడడానికి మూకుడు ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో అక్కకు నెలలు నిండాయి.

గాలి కొట్టే కంప్రెసర్ నడిపేలోగా వెళ్లి దాని బెల్టు ఊడలాగాను. "నీళ్లొచ్చేదాక ఇయ్య" అన్నాను. సేటు నోటికొచ్చినట్టు తిట్టాడు. బావ అందరి ముందూ నవ్వాడు. నేను బెల్టు వదల్లేదు.

పొద్దు వాలుతుండగా ట్యాంకరు వచ్చింది. నీళ్లు నింపి, అందరం పక్కకు జరిగి, చేతిపంపుతో ఒత్తిడి పెంచుతూ పోయాం. ఉన్నట్టుండి టప్పుమంది. అతుకు చెక్కుచెదరలేదు, వంపు చినిగింది. నీళ్లు ఎగజిమ్మి, మూకుడు ముందే ఉండిపోయిన బావ పీటను తన్ని పడేశాయి.

"నా వెల్డింగ్ పోలే, సూసినవా?" అన్నాడు బావ. అంటూనే పడిపోయిన పీట వంక చూశాడు. చేతిలోని సబ్బునీళ్ల డబ్బాను మెల్లగా కింద పెట్టాడు.

"మీ అక్కకు జెప్పకురా" అన్నాడు.