చుట్టాల పేర్లతో పెట్టిన ముద్దలు

మా చుట్టాలందరూ ఒకే కథ చెబుతారు. మా కోడలు స్రవంతి ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంది కాబట్టే మనవరాలి ఒళ్ళు దారికొచ్చిందట. పెళ్ళిళ్ళలో ఇదే మాట, పేరంటాల్లో ఇదే మాట. అబద్ధం. ఏళ్ళ తరబడి ఆ మాట విన్నప్పుడల్లా గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టుండేది. అయినా తలూపేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పినదాన్ని. వాదనలో నన్ను నెగ్గినవాళ్ళు మా ఇంట్లో లేరు, మా వీధిలోనూ తక్కువే. స్రవంతి కడుపుతో ఉన్నప్పుడే ఊళ్ళో పటమట వైపు ఒక పిల్లల ఆస్పత్రివాళ్ళు నడిపే, పసిపిల్లలకు తిండి పెట్టడం నేర్పే క్లాసులో చేరింది. బిడ్డను చూసుకునే పెద్దవాళ్ళు కూడా రావాలన్నారు. విసుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అంత పనికొచ్చే చదువు నేను ఏనాడూ చెప్పలేదు. లావెక్కాక తగ్గించడం కాదు, మొదటి ముద్ద దగ్గరే జాగ్రత్తపడాలన్నారు. కడుపు నిండిన సంగతి బిడ్డకే తెలుస్తుంది, తల తిప్పితే చాలని అర్థం, అక్కడితో ఆపండి అన్నారు. ఏడ్చినప్పుడల్లా తిండి చూపించొద్దన్నారు. మా అబ్బాయి చేత బొమ్మకు తినిపించి మరీ నేర్పారు. స్రవంతి ఒక్క క్లాసు మానలేదు. ఆఫీసు నుంచి సిటీ బస్సులో నిలబడి, అలసిపోయి వచ్చి కూడా ముందు వరసలో కూర్చునేది.

పాప సన్నగా, చురుగ్గా పెరుగుతోంది. అప్పుడు మా ఆడపడుచు హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చింది. పాప బుగ్గ పట్టుకుని చూసి, "ఏం వదినా, పిల్లకి అన్నం పెడుతున్నారా, క్లాసులే పెడుతున్నారా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఊరందరికీ జవాబు చెప్పే నేను, లోపలికెళ్ళి డబ్బాలో నెయ్యి ఎంతుందో చూసుకున్నాను.

మర్నాడు స్రవంతి ఆఫీసుకు వెళ్ళాక, నెయ్యి పోసి ముద్దపప్పన్నం కలిపాను. పాప కాస్త తిని తల తిప్పేసింది. "ఇది తాతయ్య ముద్ద" అన్నాను. నోరు తెరిచింది. ఇది మామయ్య ముద్ద, ఇది పిన్ని ముద్ద. చుట్టాలు అయిపోతే ఎదురింటివాళ్ళు, ఆ తర్వాత పాలాయన. రోజూ ఇదే తంతు. మేమంతా ఇలా తినే పెరిగాం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. అంత నమ్మకమే ఉంటే, కోడలు వచ్చేలోపు ఆ గిన్నె ఎందుకు కడిగేసేదాన్ని?

పాప బొద్దుగా అయింది. తర్వాత బొద్దు అనడానికీ వీల్లేకపోయింది. కాస్త పరిగెత్తితే ఆయాసం. బరువు చూసిన డాక్టరుగారు, ఇంట్లో తినిపించేదెవరని అడిగారు. "నేనేనండీ. మీరు చెప్పినట్టే, తల తిప్పితే ఆపేస్తున్నా" అన్నాను.

తిరిగి వస్తుంటే ఆటోలో స్రవంతి అంది, "తప్పు నాదేనేమో అత్తయ్యా. రోజంతా దగ్గర లేనన్న బాధతో, రాగానే ఏదడిగితే అది ఇచ్చేస్తున్నా."

అప్పుడైనా చెప్పొచ్చు. ఏమన్నానో తెలుసా?

"ఏమోనమ్మా. తల్లివి, నీకే తెలియాలి."

ఆ నెల తిరక్కుండానే ఇష్టపడి, కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. పాప తిండి తన చేతిలోకి తీసుకుంది. తల తిప్పితే ఆపేసింది. మొగుణ్ణి, పిల్లని రోజూ సాయంత్రం నడకకు తరిమింది. ఏడుపులకు లొంగలేదు, నా సణుగుడికీ లొంగలేదు. పాప పొడుగు సాగి, ఒళ్ళు సర్దుకుంది. ఇప్పుడు విందు భోజనాల్లో కూడా సగం బూరె తిని "చాలు" అని లేచిపోతుంది. ఎవరు బతిమాలినా వినదు. చూస్తే ముచ్చటేస్తుంది. అంతా వాళ్ళమ్మ పట్టుదల, ఆ క్లాసు చలవ. కానీ దానికి స్రవంతి ఇంట్లో ఉండక్కర్లేదు. నా చెయ్యి ఆగితే సరిపోయేది.

మొన్న ఆడపడుచు ఫోన్ చేసింది. వాళ్ళ కోడలు బ్యాంకు ఉద్యోగం మానేస్తోందట. "పిల్లాడు లావైపోతున్నాడు వదినా. మీ స్రవంతిలాగే ఇదీ ఇంట్లో కూర్చుంటే బాగుపడతాడని నేనే చెప్పా."

"మాననివ్వకు" అన్నాను.

"అదేంటి? మీ ఇంట్లో జరిగిందేగా!"

"మా ఇంట్లో పిల్లని లావు చేసింది నేను. స్రవంతి లేనప్పుడు కుక్కి కుక్కి పెట్టాను. తప్పు స్రవంతి మీదికి నెట్టేశాను."

ఆడపడుచు ఫోన్ పెట్టేసింది. నాకు మాత్రం ఊపిరి ఆడింది.

వెనక్కి తిరిగితే వంటింటి గుమ్మంలో స్రవంతి. అంతా వింది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. క్షమించానన్న మాటా లేదు, నేను అడగనూ లేదు. కంచాలు తీసుకుని వడ్డించడానికి వెళ్ళిపోయింది.

ఆమె మొహంలో ఆశ్చర్యం కూడా లేదు. అదే నన్ను తినేస్తోంది. ఆటోలో కూర్చున్న రోజుకే ఆమెకు తెలుసా? తెలిసే ఉంటే, నా ముద్దల నుంచి పిల్లను కాపాడుకోవడానికి ఉద్యోగాన్ని వదులుకుందే తప్ప, నాతో ఒక్కసారైనా ఎందుకు పోట్లాడలేదు?