పీట మీద మూడు దెబ్బలు

మానవజాతి చరిత్రలో నిప్పు, చక్రం, వాటి తర్వాత చెప్పుకోదగ్గది బైండింగు మేస్త్రి కూర్చోబోయే ముందు పీటను అరచేత్తో మూడుసార్లు చరచడం. ఇది వేళాకోళం కాదు, అచ్చులో ఉన్న మాట. సమాజశాస్త్ర శాఖ గ్రంథాలయంలో, మేస్త్రి స్వహస్తాలతో రెండుసార్లు కొత్త అట్ట కట్టిన లావుపాటి సర్వే పుస్తకంలో, రెండు వందల పన్నెండో పేజీలో ఉంది.

ఆ పుస్తకం రాసినవాడు ఒక దొర. జనం ఎలాంటివాళ్లో తెలిస్తే ఏలడం తేలికవుతుందని పైనుంచి ఉత్తరువు వస్తే, పదకొండు రోజుల్లో జనాన్నంతా పరిశీలించి పారేశాడు. అందులో నాలుగు రోజులు జ్వరం. ఇక్కడివారు ఆసనంలో నిద్రించే పూర్వీకుల ఆత్మలను లేపి, అనుమతి పొంది మరీ కూర్చుంటారని తేల్చాడు. సముద్రానికి అవతల, ఇల్లు కదలని పండితుడొకడు అది చదివి లోకంలోని సమాజాలను రెండుగా చీల్చాడు: పీట చరిచేవి, చరచనివి. చరచనివి ముందుకు పోయాయట. శాస్త్రం ఆ విధంగా ఒక అడుగు వేసింది.

ఈమధ్య బైండింగు గది ఎత్తేసి అందులో కంప్యూటర్లు పెడతామని నోటీసు వచ్చింది. శాఖలో పాఠాలు చెప్పే మేడమ్ ఒక ఉపాయం పన్నారు. మేస్త్రి ఆ ఆచారానికి చివరి వారసుడని తేలితే గది జోలికి ఎవరూ రారు.

"అవునని తలూపి రా," అని భార్య పొద్దున్నే చెప్పి పంపింది. "ముప్పై ఏళ్లు జిగురు పూసినవాడివి, ఒక్క అబద్ధం అంటించలేవా?"

మేడమ్ రికార్డరు నొక్కారు. "కూర్చునే ముందు మీకు పెద్దలు గుర్తొస్తారు కదా, మేస్త్రిగారూ?"

మేస్త్రి తలూపబోయాడు. ఎదురుగా బల్ల మీద ఆ పుస్తకం. తప్పుకు తన చేత్తోనే ఇంత గట్టి అట్ట వేశానే అని ప్రాణం ఉసూరుమంది.

"మా తాత గుర్తొస్తాడు మేడమ్. ఆ దొర దగ్గర వంటవాడు. దొర కుర్చీ నిండా నల్లులు. అవి రాలాలని దొర కూర్చునే ముందు తాత దాన్ని చరిచేవాడు. ఎందుకురా అని దొర అడిగితే, మీ కుర్చీలో నల్లులున్నాయని చెప్పే గుండె ఎవరికుంది? మా పెద్దల ఆచారం దొరా అన్నాడు. దొర రాసుకున్నాడు. రాసుకున్నాక మానేస్తే అబద్ధమాడాడని తెలిసిపోదూ? అందుకని ఇంటిల్లిపాదీ చరచడం మొదలెట్టారు. మా నాన్నా చరిచాడు, నేనూ చరుస్తున్నా."

మేడమ్ రికార్డరు ఆపారు. "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"మమ్మల్ని ఎవరడిగారు మేడమ్? అందరూ పుస్తకాన్నే అడిగారు."

"నా పరిశోధనలో మూడో అధ్యాయమంతా దీనిమీదే నిలబడింది."

"తెలుసు మేడమ్. కుట్టింది నేనే. కుట్లు గట్టివి."

శాఖ ముమ్మారు సమావేశమైంది. నల్లుల సంగతి స్థానికుల జ్ఞానమా, లేక ఆచారం మీద స్థానికులకున్న అజ్ఞానమా అని పెద్దలు గొంతులు పోయేలా వాదించుకున్నారు. వలసపాలన శాస్త్రానికి చేసిన ద్రోహం మీద ఒకాయన గంటసేపు మాట్లాడి, అలసి, చరచకుండానే కూర్చున్నాడు. మేస్త్రికి ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు.

నాలుగో రోజు గది ఖాళీ చేయించడానికి మనుషులు వచ్చారు. కాగితాలు కోసే ఇనప యంత్రం తలుపులో పట్టలేదు. గది అలాగే ఉండిపోయింది.