బస్టాండు ముందు నర్సింలు ఫ్లెక్సీ

పొద్దున్నే దేవుడి బొమ్మ పెట్టడం తప్ప ఈ భజన గ్రూపులో నేనేమీ రాయను. ఈ రోజు మాత్రం రాయకపోతే నిద్రపట్టేలా లేదు.

జైలు నుంచి వచ్చిన నర్సింలుకు తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో పని దొరికిందని మీకు తెలుసు. అతని సంగతి యజమానికి చెప్పే చేర్పించాను. తోటి కూలీలకు మాత్రం చెప్పవద్దని బతిమాలాను. అతను మళ్లీ పాత స్నేహాల వైపు పోకుండా ఆపుతున్నది ఆ పని ఒక్కటే.

ఈ రోజు మా సేవా సంఘం వాళ్లు బస్టాండు ముందు ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో నర్సింలు ముఖం, చుట్టూ మా అందరి ఫొటోలు, కింద "జైలు నుంచి విడుదలైన సోదరునికి మా చేయూత" అని పెద్ద అక్షరాలు. మధ్యాహ్నానికల్లా కూలీలు అతనితో కలిసి పని చేయలేమన్నారు. యజమాని అతణ్ణి ఇంటికి పంపేశాడు.

నేను నర్సింలును వెంటబెట్టుకుని బస్టాండుకు వెళ్లి, "అన్నా, జర గా ఫ్లెక్సీ తీసేయించు" అని సంఘం అధ్యక్షుణ్ణి అడిగాను.

"ఎందుకు చెల్లే, నీ ఫొటో చిన్నగ వచ్చిందనా? రేపు పెద్దగ ఏయిస్త తీ" అన్నాడు.

నా పక్కన నిలబడ్డ నర్సింలు తల వంచుకుని, "అమ్మా, నా బిడ్డ బడికి గీ తొవ్వలనే పోతది" అన్నాడు.

అధ్యక్షుడు అటు వెళ్లగానే పూల కొట్టులో కత్తెర అడిగి తెచ్చి, తాళ్లు నేనే కోసేశాను. మీరైతే ఏం చేసేవారు? అతనికి ఎక్కడైనా పని ఉంటే చెప్పండి. ఈ రాత మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరికీ చూపించకండి. అతణ్ణి ఇప్పటికే ఊరంతటికీ చూపించాం.