చౌక భోజనానికి చుట్టరికం

మా తాతయ్య పూర్తి ధర పెట్టి భోజనం చేయగా చూసినవాళ్లు ఈ నగరంలో లేరు. టీ తాగితే ఇంటద్దె గుర్తొచ్చే చోటిది. ఇక్కడ ఆయన కడుపు నింపుకునే తీరు తలుచుకుంటే నాకిప్పటికీ నోరు తెరుచుకుపోతుంది. బడి నన్ను సగంలో వదిలేసింది గానీ, ఈ విద్యలో తాతయ్య నన్ను వదల్లేదు.

పెద్ద దుకాణంలో బిస్కెట్లు రుచికి పెడితే టోపీతో ఒకసారి వెళ్లేవాడు, టోపీ తీసి ఇంకోసారి వెళ్లేవాడు. అమ్మే పిల్ల గుర్తుపడితే, "ఇందాక వచ్చినవాడు మా తమ్ముడమ్మా. బాగున్నాయన్నాడు" అనేవాడు.

అసలు గని మాత్రం పెద్దాసుపత్రి క్యాంటీను. భోజనం కారుచౌక. కాకపోతే రోగుల తాలూకు మనుషులకే పెడతారు, దానికి వార్డు నర్సు చీటీ ఇవ్వాలి. తాతయ్యకు అక్కడ రోగులెవరూ లేరు. అదొక అడ్డంకా? ఎముకల వార్డులోకి వెళ్లి, పలకరించే దిక్కులేని మంచం పక్కన కుర్చీ లాక్కునేవాడు.

"ఎవరికోసమండీ?" అనేవాడు రోగి.

"మీకోసమే. కాలెలా ఉంది?"

మధ్యాహ్నానికి చీటీ చేతిలో ఉండేది.

"సిగ్గుగా లేదూ తాతయ్యా?"

"చుట్టరికం కలుపుకుంటే కలుస్తుందే. ముందు చెయ్యి కడుక్కో."

అలా కలిసిన చుట్టాల్లో ఒక ముసలి లారీ డ్రైవరు ఉన్నాడు. చేరిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకోవడమే, ఎవరితోనూ పలకలేదు. తాతయ్య రోజూ ఆ వీపుతోనే కబుర్లు చెప్పేవాడు. ఒకరోజు ఎలాగో ఇటు తిప్పి, నురగ పూసి గడ్డం గీస్తుంటే పెద్ద నర్సు వచ్చి నిలబడింది.

"పెద్దాయనా, పోయిన వారం కిటికీ పక్కాయన మీ తమ్ముడన్నారు. ఈయనేమవుతారు?"

తాతయ్య కత్తికంటిన నురగను తువ్వాలుకు తుడిచాడు.

"ఇవాళ్టినుంచి మీకు చీటీ లేదు. వెళ్లండి."

పొద్దున్నుంచి మా ఇద్దరి కడుపుల్లో మంచినీళ్లే ఉన్నాయి. నేను లేచాను. తాతయ్య లేవలేదు. కత్తి కడిగి మళ్లీ నురగ కలిపాడు.

"చీటీ లేదన్నానుగా?"

"విన్నానమ్మా. రెండో చెంప మిగిలిపోయింది. సగం గడ్డంతో ఆయన్నెలా వదిలేస్తాను?"

అప్పుడు నురగలోంచి ఒక బొంగురు గొంతు వినిపించింది. "మా బావండీ."

పలికింది డ్రైవరే.

"నాకు అన్నయ్య" అన్నాడు కిటికీ పక్కాయన. "మాకు బాబాయి" అంది చివరి మంచం. కట్లు కట్టిన చేతులు కూడా లేచాయి. ఇంతమందికి ఎప్పుడు చుట్టమైపోయాడో పక్కనే ఉన్న నాకే తెలియలేదు.

నర్సు నవ్వాపుకుంటూ చీటీ చించి ఇచ్చింది. "పెద్ద కుటుంబమే మీది."

"అవునమ్మా" అన్నాడు తాతయ్య వినయంగా. "ఇంతమంది తరఫున తినాలి. కూర కాస్త ఎక్కువ వెయ్యమని రాస్తారా?"