ఉస్తికాయల చేదు ఎక్కడికి పోతుంది

పెరంబూరు దాటాక రైలు ఒక్క కుదుపు కుదిపింది. పక్కన కూర్చున్నావిడ ఒళ్ళోంచి రెండు గుడ్డమూటలు జారాయి. ఒకటి ఆవిడ ఒడిసిపట్టుకుంది, రెండోది నా చేతికి దొరికింది. మెచ్చుకుంటుందనుకున్నాను. మూట నా చేతిలోంచి లాక్కుని, దానికి కట్టిన దారం రంగు చూసుకుంది.

"ఎర్రదారం. సరి. రెండూ కలిసిపోయుంటే ఇంతదూరం వచ్చింది దండగయ్యుండును అన్నా."

పులిసిన మజ్జిగ వాసన, దాని వెనక ఎండలో కాగిన ఉప్పు వాసన. నాకు తిరువళ్ళూరు దాకా టికెట్టు ఉంది గానీ అక్కడ పనేమీ లేదు. పనిలేని ముసలివాడికి ఇలాంటి వాసన చాలు. ఏముందమ్మా అందులో అని అడిగాను.

"సుండకాయ వత్తలు. మన ఊళ్ళల్లో ఉస్తికాయ వరుగులంటారే, అదిదా."

'అదిదా' అంటే అరవం కలిసిన 'అదే'. నా నోరు ఊరుకోదు. వృక్షశాస్త్రం లెక్కలో స్ట్రాబెరీ అసలు బెర్రీయే కాదు. వంకాయ, టమోటా, మిరపకాయ బెర్రీలు. వంకాయకు దాయాది అయిన ఉస్తికాయ కూడా బెర్రీయే. మిరపకాయలాగే ఇదీ అమెరికా వైపునుంచి సముద్రం దాటి వచ్చిందంటారు. పేరులో బెర్రీ తగిలించుకున్నవి సూపర్ మార్కెట్లో గాజుసీసాల్లో కూర్చుంటాయి, అసలు బెర్రీ పాతచీర ముక్కలో మూటగా రైల్లో పోతుంది. ఇదంతా ఆవిడకు చెప్పాను. ఓపిగ్గా విని, "ఇంగ్లీషు చదవతావా?" అంది.

"చదువుతానమ్మా."

"అయితే నాతో దిగు. పట్టరవాక్కంలో. ఆడ కాయితం ఏదైనా ఇస్తే నాకేం తెలస్తాది?"

ఆవిడ పేరు కన్నియమ్మ. వాషర్‌మెన్‌పేట్‌లో మెస్సులకూ, నాలుగైదు దుకాణాలకూ వత్తలు ఎండబెట్టి ఇస్తుంది. పుట్టింది తిరువొత్తియూరులో, నాన్న ఏదో ఫ్యాక్టరీలో కూలి. ఎండ గురించి తనకు తెలిసిందంతా అక్కడి చేపలవాళ్ళ దగ్గర నేర్చుకున్నదేనట. ఏ గాలికి తేమ వస్తుంది, ఏ గాలికి ఆరుతుంది, కాకి ఏ మూలనుంచి దిగుతుంది. పెళ్ళయి వచ్చాక ఎండకు అంగుళం నేల లేదు. అన్ని కాపురాలకూ కలిపి పైన ఒక్క డాబా. "నా కాయల నెత్తిన ఎదురింటామె తడిచీర. అడిగితే ఏమంటాది తెలుసా? 'నీ కాయకి ఉప్పు కావాల, నా చీరలో చెమటుండాది, ఊరికే ఇస్తా ఉండా' అంటాది. పొగరు! ఇంగేం చేసేది? పండగ పండగకీ దోసెడు వత్తలు ఆమె నోట్లో పోస్తా."

ఇంతకీ పట్టరవాక్కంలో దిగి, అంబత్తూరు ఫ్యాక్టరీల ఎస్టేటుకు ఈ మూటలెందుకు? అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది.

కూతురు రంజనికి ఏడోనెల. రక్తం తక్కువగా ఉంది. ఈసారీ పెరగకపోతే పెద్దాసుపత్రికి రాస్తానని నర్సమ్మ చెప్పేసింది. "ఐరన్ మాత్ర ఏస్తే కక్కతాది అన్నా. కళ్ళతో చూళ్ళేక నేనే నిలిపేసినా. అమ్మ చేత్తో చేసింది ఉండాది, దానికన్నా ఎక్కువా మాత్ర, రోజూ నేతిలో ఏయించి పెడతా తినుమే అంటి. తినింది. అయినా బ్లడ్డు ఎక్కలే."

అందుకని కన్నియమ్మ తప్పు తన చేతిలోనే వెతుక్కుంది. అత్తగారి పద్ధతి వేరు. కాయను రాతితో చితక్కొట్టి, ఉప్పుమజ్జిగలో రాత్రి నానబెట్టి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేయాలి. మజ్జిగ మొత్తం కాయే తాగేదాకా. కన్నియమ్మ మాత్రం దుకాణాలవాళ్ళు చేదు తగ్గించమన్నారని రోజూ పాతమజ్జిగ పారబోసి కొత్తది పోస్తూ వచ్చింది.

"చేదులోదా మందుండేది అంటారు కదా. అయితే ఆ మందంతా నేను తూములో పోసినానేమో! ఎర్రదారం అత్త పద్ధతి, పచ్చదారం నా పద్ధతి. దేంట్లో సత్తువుండాదో చూసి చెప్పమని అడగతా. ఎస్టేటులో ల్యాబొకటుండాది, దాని గేటుకాడ మావాడు చిన్నతంబి సెక్యూరిటీ. మేడం తెలుగామె, టీకి బయటకొస్తాది రమ్మన్నాడు."

చేదు ఎక్కడికి పోతుంది? నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ ఈ ప్రశ్న అడిగినట్టు గుర్తులేదు. నాకు ఉత్సాహం వచ్చేసింది. ఎండు ఉస్తికాయలో ఇనుము బాగా ఉంటుందని ఒక పట్టికలో చూశానన్నాను. కన్నియమ్మ తన వేళ్ళు చూపించింది. కాయలు కొట్టీ కొట్టీ కొసలు నల్లబడి ఉన్నాయి.

"చూడు, ఇనుము! సోపుకి కూడా పోదు."

నిజమే కాబోలు అనుకున్నాను.

పట్టరవాక్కంలో ఆవిడతోనే దిగాను. ల్యాబు ఎదుట టీ బంకు. ఆహార పరీక్షలు చేసే ఆ ల్యాబులో సునయన అనే అమ్మాయి కెమిస్టు. గుంటూరు వైపునుంచి ఉద్యోగానికి వచ్చింది. చిన్నతంబి చూపించగానే కన్నియమ్మ మూటలు రెండూ బల్లమీద విప్పి, గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పింది. సునయన ఒక్కో మూటలోంచీ ఒక్కో కాయ నోట్లో వేసుకుంది.

"ఎర్రదారం చేదండీ బాబూ! పచ్చది నయం. అంటే మీరన్నది నిజమే పిన్నిగారూ, చేదు కొంత మజ్జిగలోకి దిగిపోయింది. ఈ జాతి కాయల్లో కొన్ని ఆల్కలాయిడ్లు, గ్లైకోసైడ్లు ఉంటాయి. పురుగులు తినకుండా చెట్టు దాచుకునే సరుకు. ఉప్పునీళ్ళలో నానితే కొంత బయటకొస్తుంది."

"అయితే సత్తువ పోయినట్టేనా?"

"ఇనుము మటుకు అంత తేలిగ్గా పోదండీ. ఎండకి ఎగిరిపోయేది సి విటమిన్. బ్లూబెర్రీ రంగు కూడా ఎండబెడితే కొంత చచ్చిపోతుంది. ఇనుము, పొటాషియం, పీచు చాలామటుకు కాయలోనే కూర్చుంటాయి."

కన్నియమ్మ ముఖం వెలిగింది. నేను కలగజేసుకుని, పట్టికలో అంకె కూడా పెద్దదే అన్నాను.

సునయన నావైపు తిరిగింది. "తాతగారూ, ఆ అంకె ఎన్ని గ్రాములకి?"

"నూరు గ్రాములకి."

"నూరు గ్రాముల వత్తలు మీరు ఎప్పుడైనా ఒక్క పూట తిన్నారా?"

నేను టీ గ్లాసులోకి చూశాను. చిన్నతంబి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నీరంతా పోయి గుప్పెడయ్యాక ఏ పండుకైనా అంకె పెద్దగానే కనపడుతుంది. అన్నంలోకి వేసుకునేది పది కాయలు. పైగా..." సునయన కన్నియమ్మ చెయ్యి పట్టుకుని వేళ్ళు చూసింది. "ఇది ఇనుము కాదు పిన్నిగారూ. వంకాయ కోసి పెడితే నల్లబడుతుంది చూడండి, అదే ఇది. పాలీఫెనాల్స్ అంటాం. ఒంటికి మంచివే. కానీ కాయలో ఉన్న కాస్త ఇనుమునీ అవే పట్టుకుని, ఒంటికి పూర్తిగా అందనివ్వవు. టీలోనూ ఉంటాయి."

"అదేంది! మంచిదే మంచిదాన్ని పట్టుకుంటాదా?"

"పట్టుకుంటుంది."

నాకీ మాట దగ్గర ఇంకా కూర్చోవాలనిపించింది. కాయ తన ఇనుముకు తానే కావలి కాస్తుందన్నమాట. ఎవరికోసం? అడుగుదామని నోరు తెరిచాను. కన్నియమ్మ నాకంటే ముందు అడిగింది.

"అయితే ఎర్రదారమా, పచ్చదారమా? నా బిడ్డకి ఏది పెట్టేది?"

"ఏదైనా పెట్టండి, కూరకి కూర. మీ రెండు మూటలకీ మధ్య తేడా గోరంత. మాత్రకీ మీ మూటలకీ మధ్య తేడా కొండంత. ఏడోనెలలో రక్తం తక్కువంటే వత్తలతో అయ్యే పని కాదండీ."

బంకు ముందు ఒక లారీ వెనక్కి వస్తోంది. ఆ చప్పుడు మీదుగా కన్నియమ్మ గొంతు పెంచింది.

"కక్కతాది మేడం. పచ్చినీళ్ళు కూడా నిలవవు. తల్లిని, చూస్తా ఎట్టుండేది?"

"నర్సమ్మకి చెప్పారా కక్కుతోందని?"

"లే. తిట్టతాదని."

"చెప్పండి. వేరే రకం మాత్ర ఇస్తారు, వేళ మారుస్తారు, అదీ కుదరకపోతే సూదిమందు ఉంది. మాత్ర వేసుకున్నప్పుడు టీ, మజ్జిగ వద్దు. నిమ్మకాయ నీళ్ళు మంచివి. దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. తిట్టినా పడండి."

"నేను నిలపమంటినని చెప్పాల్నా?"

"చెప్పాలి."

సునయన టీకి వచ్చిన వేళ దాటిపోయినట్టుంది, లోపలినుంచి ఎవరో పిలిచారు. కావాలంటే పరీక్ష కూడా చేయిద్దాం అంటూ లేచింది. కన్నియమ్మ వింటున్నట్టు లేదు. రొంటిన దోపుకున్న ఫోను తీసి, చూపుడువేలితో గట్టిగా నొక్కి, స్పీకరులో పెట్టింది.

"ఏమే రంజనీ, ఆ మాత్రలు ఉండాయా, పారేస్తివా?"

"ఎందుకమ్మా? నువ్వేగా వద్దంటివి," అంది ఫోనులో నిద్రగొంతు.

"నేనంటే? నువ్వు వినేదేంది నా మాట! పుట్టినకాడ్నుంచీ ఒక్కమాట వినలే, ఇదొక్కటి వినేస్తివా? చెప్పు, ఉండాయా?"

"అలమార పైన ఉండాయి. ఏమాయె?"

"తీసి పెట్టు. చీర మార్చుకోని ఉండు, ఇద్దరం నర్సమ్మ కాడికి పోతాం. ఈరోజుదా. ఆమె తిట్టతాది, నువ్వు నోరు మూసుకోని ఉండు, నన్నే తిట్టనీ..."

మాట్లాడుతూనే బల్ల దగ్గరనుంచి లేచింది. లారీకీ గోడకీ మధ్య సందులోంచి దూరి, స్టేషను వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. కాసేపు ఆ గొంతు వినిపించింది, తరవాత లేతు మిషన్ల చప్పుడు దాన్ని కప్పేసింది.