జనవాడ కందులు

బీదర్‌లో ఒక విత్తనాల కంపెనీ పరీక్షగదిలో సంగమేశ్‌ది పదేళ్ల కొలువు. రైతులు తెచ్చిన మూటలోంచి నూరు గింజలు ఏరి, తడి కాగితంలో చుట్టి పెడతాడు. ఆరో రోజున చుట్ట విప్పి, మొలకల్ని చిటికెనవేలితో ఒక పక్కకు జరుపుతాడు. మొలవనివాటి లెక్క ఎదుట, పక్కవాళ్లతో ముచ్చట్లు ఆపకుండానే, 'చచ్చినవి' అని రాస్తాడు. జనవాడ బక్కమ్మ తన అత్త కాలం నుంచి దాచుకొస్తున్న కందులు తెచ్చినప్పుడూ అంతే, నూటికి ఎనభై మొలవలేదు. అక్కడుంచిన మూట కోసం ఆమె మళ్లీ వచ్చినప్పుడు, "వీటిల పానం లేదక్కా, ఏయకు," అన్నాడు. బక్కమ్మ మూట ముడి గట్టిగా బిగించుకుని వెళ్లిపోయింది.

ఆ చుట్టను పారేయడం మరిచిపోయాడు. నాలుగు రోజులకు నల్లా కింద తడిలో కనబడితే విప్పి చూశాడు. ఎనభైలో అరవై తెల్లటి మొలకలేశాయి! మరి ఆరో రోజున ఇవి బతికున్నట్టా, చచ్చినట్టా? కదలిక లేని గింజలో ఏది అన్నాళ్లు కాచుక్కూర్చుంది? ఎంతకీ తెగక, బస్సెక్కి జనవాడ పోయాడు.

"అక్కా, నీ కందులు బతికే ఉన్నయి!"

"అయ్యో, నువ్వే సచ్చినయంటివి గదా! నిన్ననే గిర్నీల పప్పు పట్టిచ్చిన. ఒక్క గింజ మిగలలే."

 బక్కమ్మ లోపలికి పోయి అన్నం, ఆ కందుల పప్పే తెచ్చి అతని ముందు పెట్టింది. "అయితే వాటిని సంపింది నీ మాటనా తమ్మీ, నా గిర్నీనా?"

సంగమేశ్ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పప్పు కమ్మగా ఉంది. అదే అతన్ని మరింత గాబరా పెట్టింది.